రాణి రంగు పక్కన నారింజ రంగు

మేం కొలంబస్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. కొలంబస్ అనగానే అందరూ ఒహాయో అనుకుంటారు, అది కాదు, ఇది ఇండియానాలో చిన్న ఊరు, ఇండియానాపోలిస్ నించి కార్లో గంట. ఇంజన్లు చేసే కమ్మిన్స్ వాళ్ళ హెడ్డాఫీసు ఇక్కడే కాబట్టి మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, మా ఆయన కూడా ఆ ఉద్యోగం మీదే వచ్చాడు. వచ్చిన కొత్తలో నాకు ఈ ఊర్లో తెలిసిన దార్లు రెండే, ఒకటి ఇండియన్ స్టోర్ కి, రెండోది పిల్లదాని స్కూలుకి. ఈ ఊరికి బిల్డింగులు చూడ్డానికే ఎక్కడెక్కడి నించో జనం వస్తారని, వాటికి బస్సు టూర్లు ఉంటాయని నాకు రెండో ఏడు దాకా తెలీదు.

ముందు మా అపార్ట్‌మెంట్ గురించి చెప్పాలి. గోడలు బేజ్, అంటే లేత గోధుమరంగు, కార్పెట్ బేజ్, కిటికీ బ్లైండ్లు బేజ్, వంటింటి అరలు కూడా దాదాపు అదే రంగు. రంగులు వెయ్యకూడదని అగ్రిమెంట్లో రాసి ఉంటుంది. మొదటిసారి వీడియో కాల్లో ఇల్లంతా తిప్పి చూపిస్తే మా అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "బానే ఉంది గానీ, ఇల్లు ఇంకా మొదలెట్టలేదేంటే" అంది. ఆ మాట నాకు అలా గుచ్చుకుని ఉండిపోయింది. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా మామ్మ వాళ్ళింట్లో గోడలకి సున్నంలో నీలిమందు కలిపి కొట్టేవాళ్ళు, తలుపులకి చిలకపచ్చ ఎనామిల్, గడపకి పసుపు, దాని మీద ఎర్రటి కుంకం బొట్లు, నడవలో దండెం మీద ఆరేసిన చీరలు. ఆ ఇంట్లో ఎవరూ డిజైన్ అన్న మాట కూడా అని ఉండరు. ఇప్పుడు తల్చుకుంటే ఆ నీలం గోడ ముందు మామ్మ మిరపపండు రంగు చీర కట్టుకుని నిలబడితే ఎలా ఉండేదో కళ్ళకి కట్టినట్టు ఉంటుంది.

సరే, ఇప్పుడు విషయానికి వస్తాను. రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో, బయట మంచు పడి అంతా తెల్లగా ఉన్న రోజు, పక్కింటావిడ టికెట్ ఒకటి మిగిలిందంటే మిల్లర్ హౌస్ చూడ్డానికి వెళ్ళాను. జె. ఇర్విన్ మిల్లర్ అని కమ్మిన్స్ ని పెద్ద కంపెనీ చేసినాయన, ఈ ఊర్లో స్కూళ్ళూ ఫైర్ స్టేషన్లూ మంచి ఆర్కిటెక్టులతో కట్టిస్తే ఆ ఆర్కిటెక్టు ఫీజు కంపెనీ ఫౌండేషన్ కడుతుందని చెప్పి ఊరి మొహమే మార్చేసినాయన. ఆయనా, ఆయన భార్య జీనియా, అయిదుగురు పిల్లలూ ఉన్న ఇల్లు అది. 1957లో పూర్తయింది. కట్టడం ఈరో సారినెన్, తోట డాన్ కైలీ, ఇంటి లోపల అంతా అలెగ్జాండర్ గిరార్డ్. సారినెన్ పేరు నేను విన్నాను, గిరార్డ్ పేరు అదే వినడం.

బయట నించి చూస్తే ఏమీ లేదు. చదునుగా, పొడుగ్గా, తెలుపూ బూడిదరంగూ. లోపలికెళ్తే నేల తెల్లటి రాయి, గోడలు తెల్లటి పాలరాయి, సీలింగ్ తెలుపు, సీలింగ్ లోనే గళ్ళుగళ్ళుగా అద్దాలు పెట్టి పైనించి వెలుతురు పడేలా చేశారు. ఇది కూడా మా అపార్ట్‌మెంట్ లాగే ఉందే అనుకుంటూ నాలుగడుగులు వేశానో లేదో, నేలలో ఒక చదరపు గుంట కనపడింది. గుంట అంటే గుంటే, దిగడానికి మెట్లున్నాయి, నాలుగు వైపులా గోడకి ఆనించి సోఫా, ఆ సోఫా నిండా దిండ్లు. ఎరుపులు, ఎన్ని రకాల ఎరుపులో, కనకాంబరం రంగు, దానిమ్మ గింజ రంగు, ఇటుక రంగు, వాటి పక్కనే రాణి రంగు, దాని పక్కనే నారింజ, అక్కడక్కడ గీతలు, చిన్న చిన్న పువ్వులు, ఏ రెండు దిండ్లూ ఒకలా లేవు. చుట్టూ అంత తెలుపు, కిటికీ అవతల మంచు, మధ్యలో నేలలోంచి నిప్పుల కుంపటి పెట్టినట్టు ఆ రంగులు. నేను అక్కడే ఆగిపోయాను, గ్రూపు ముందుకెళ్ళిపోయింది, గైడు వెనక్కొచ్చి పిలిచింది.

ఆ గుంటని వాళ్ళు కాన్వర్సేషన్ పిట్ అంటారు. సోఫాలూ కుర్చీలూ నేల మీద ఉంటే చూపుకి అడ్డమొస్తాయి, తోట కనపడదు, హాలు నిండిపోయినట్టుంటుంది, అందుకని కూర్చునే చోటునే కిందకి దింపేశారు. అది సారినెన్, గిరార్డ్ కలిసి చేసిన పని. కానీ నన్ను పట్టేసింది గైడు చెప్పిన ఇంకో సంగతి. ఈ దిండ్ల గలీబులు గిరార్డ్ రెండు సెట్లు చేయించాడట, చలికాలానికి ఎర్రటివి, ఎండాకాలానికి లేత రంగులవి, రుతువు మారినప్పుడు ఇల్లు కూడా బట్టలు మార్చుకునేది. అరవై ఏళ్ళ పైచిలుకు నాటి మాట ఇది. పండక్కి మామ్మ పెట్లోంచి మంచి దుప్పట్లు తీసి పరిచేది, పండగయ్యాక మళ్ళీ మడత పెట్టి పెట్టేసేది, సరిగ్గా అలా.

ఇంకో చోట యాభై అడుగుల పొడుగు గోడ, గోడంతా అరలు, ఆ అరల్లో పుస్తకాలతో పాటు బొమ్మలు, కుండలు, చెక్క బొమ్మలు, మెక్సికోవీ ఆసియావీ ఎక్కడెక్కడివో, అన్నీ చెయ్యి తిరిగిన పనివాళ్ళు చేసిన చిన్న చిన్న వస్తువులు. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు తెల్లగా ఉంటాయి, ఆ కుర్చీల మీద వేసే కుషన్లకి ఇంట్లోవాళ్ళ పేర్ల పొడి అక్షరాలు సూదితో కుట్టిన పని. ఒక తివాచీ మీద ఆ కుటుంబానికి సంబంధించిన గుర్తులే డిజైన్. అంటే రంగులు పుస్తకం చూసి వేసినవి కాదు, ఆ ఇంట్లో మనుషుల్ని చూసి వేసినవి. ఇల్లు పూర్తయ్యాక కూడా ఏళ్ళ తరబడి ఆయన ఆ ఇంటికి ఏదో ఒకటి చేసి ఇస్తూనే ఉన్నాడు. ఇర్విన్ మిల్లర్ 2004లో పోయారు, జీనియా 2008లో పోయారు, మరుసటి ఏడు ఆ ఇల్లు ఇండియానాపోలిస్ మ్యూజియానికి ఇచ్చేశారు, 2011 నించి మనలాంటి వాళ్ళని లోపలికి రానిస్తున్నారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి గిరార్డ్ ఎవరా అని వెతకడం మొదలెట్టాను, రెండేళ్ళయింది, ఇంకా అవ్వలేదు.

ఆయన 1907లో న్యూయార్క్ లో పుట్టాడు గానీ పెరిగింది ఇటలీలో, ఫ్లోరెన్స్ లో. తల్లి అమెరికన్, తండ్రి పాతకాలం సామాన్ల వ్యాపారి, చెక్కపనిలో మంచి చెయ్యి. ఇంట్లో వాళ్ళు ఆయన్ని శాండ్రో అని పిలిచేవాళ్ళు, స్నేహితులు కూడా చివరిదాకా అలాగే పిలిచారు. క్రిస్మస్ కి ఇటలీలో ఏసు పుట్టిన పాకని బొమ్మలతో పేరుస్తారు కదా, ఒట్టి పాక ఒక్కటే కాదు, చుట్టూ ఊరు, బావి, రొట్టెలు కాల్చేవాడు, గొర్రెలు కాసేవాడు, అంతా. అంటే మన బొమ్మల కొలువే, ఇంకేం చెప్పక్కర్లేదు. పిల్లాడికి ఆ పిచ్చి అక్కడే పట్టుకుంది. బోర్డింగ్ స్కూల్లో ఉన్నప్పుడు ఒక దేశాన్నే కల్పించుకున్నాడు, దానికి రిపబ్లిక్ ఆఫ్ ఫైఫ్ అని పేరు, దానికి జెండాలు, నాణేలు, స్టాంపులు, రహస్య లిపి, అన్నీ తనే గీసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. నాకు అవి చూస్తే అనిపించింది, తర్వాత డెబ్భై ఏళ్ళు ఈయన చేసింది కూడా ఇదే పని, కాకపోతే డబ్బిచ్చి చేయించుకునేవాళ్ళు వచ్చారు.

లండన్ లో ఆర్కిటెక్చర్ చదివాడు, రోమ్ లో కొన్నాళ్ళు, 1932లో న్యూయార్క్, 1936లో సుసాన్ తో పెళ్ళి, తర్వాత డెట్రాయిట్. అక్కడ రేడియోలు చేసే కంపెనీలో పనిచేస్తున్నప్పుడు చార్లెస్ ఈమ్స్ తో పరిచయం. ఈమ్స్ అంటే కుర్చీల ఈమ్స్, మన ఐటీ ఆఫీసుల్లో కాపీ కుర్చీలు బోలెడు కనపడతాయి. ఆ స్నేహమే 1952లో ఈయన్ని హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీకి తెచ్చింది, బట్టల విభాగం మొత్తం ఈయన చేతికిచ్చారు. ఈ మిల్లర్ కీ మా ఊరి మిల్లర్లకీ చుట్టరికం ఏం లేదు, పేరొక్కటే కలిసింది.

అప్పటికి అమెరికాలో సోఫా గుడ్డ అంటే గోధుమరంగు, బూడిదరంగు, ముదురు ఆకుపచ్చ, లేకపోతే పెద్ద పెద్ద పువ్వుల డిజైన్లు. అచ్చమైన రంగు చూస్తే జనం కళ్ళు తిరిగి పడిపోతారేమో అన్నట్టుండేదని ఆయనే తర్వాత ఎప్పుడో చెప్పుకున్నాడు. రాణి రంగు పక్కన నారింజ పెడితే అయితే మరీ ఘోరం, ఆ రెండూ ఒకచోట ఉండకూడదని వాళ్ళకి ఒక నమ్మకం. ఇది చదివినప్పుడు నేను లేచెళ్ళి బీరువా తీశాను. మా అమ్మ పెళ్ళి చీర నా దగ్గరే ఉంది, రాణి రంగు పట్టు, నారింజ అంచు, దాని మీద సన్న జరీ. మన ఇళ్ళల్లో పెళ్ళిపందిట్లో సగం మంది ఆడవాళ్ళు ఈ రెండు రంగుల్లోనే ఉంటారు, ఎవరికీ కళ్ళు తిరగలేదు. బంతిపూల దండ మధ్యలో గులాబీలు గుచ్చే పూలమ్మాయికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

గిరార్డ్ కి ఈ ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందంటే నాకు తోచింది చెప్తాను, తప్పయితే కావచ్చు. ఆయన రంగుల్ని సిద్ధాంతాల్లో వెతకలేదు, బొమ్మల్లో వెతికాడు. పెళ్ళైన కొత్తలోనే భార్యాభర్తలిద్దరూ మెక్సికో వెళ్ళి సంతల్లో మట్టిబొమ్మలు, కాగితం పూలు, తగరం డబ్బాలు కొనుక్కురావడం మొదలెట్టారు, ఇక ఆగలేదు. 1953లో పెద్ద పట్నాలన్నీ వదిలేసి న్యూ మెక్సికోలో శాంటా ఫే అనే ఊరికి కాపురం మార్చేశారు, మట్టి ఇటుకలతో కట్టిన పాత ఇల్లు కొనుక్కుని గోడలకి తెల్ల రంగేసి, ఆ తెల్లగోడల మీద బొమ్మలు పేర్చుకున్నారు. తనింటికోసం అని చెక్కతో చేసుకున్న బొమ్మల్ని ఇప్పుడు ఒక యూరప్ కంపెనీ మళ్ళీ తయారుచేసి అమ్ముతోంది, ఒక్కోటి ధర చూసి నేను వెబ్‌సైట్ మూసేశాను.

ఇక్కడ మన దేశం వస్తుంది. 1955లో న్యూయార్క్ లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ లో భారతదేశపు బట్టలూ నగల ప్రదర్శన పెద్దదొకటి పెట్టారు, ఏప్రిల్ నించి సెప్టెంబర్ దాకా నడిచింది. వాటిని పేర్చిపెట్టే పని గిరార్డ్ ది. దానికోసం ఎడ్గర్ కాఫ్మన్ అనే ఆయనతో కలిసి మన దేశమంతా తిరిగాడు. మ్యూజియం అంటే గాజు పెట్టె, పెట్టెలో గుడ్డ, కింద చీటీ, అంతే కదా అప్పట్లో. ఈయన అలా చెయ్యలేదు, హాల్లో ఒక బజారు కట్టేశాడు. మధ్యలో పొడుగాటి నీటి కొలను, దాని పక్కన బంగారు రంగు స్తంభాలు, కొలను మీద చీరలు పైనించి వేలాడదీసి, నీళ్ళల్లో అద్దాల్లో ఆ చీరల నీడలు పడేలా చేశాడు. ఫోటోలు చూశాను, గోదారి రేవులో చీరలు ఆరేసినట్టే ఉంటుంది, కింద నీళ్ళు, పైన రంగులు. ఈమ్స్ దంపతులు ఆ ప్రదర్శన మీద చిన్న సినిమా తీశారు, అది ఇప్పటికీ చూడొచ్చు.

ఆ ఒక్క ప్రదర్శన చుట్టూ ఎన్ని జరిగాయో చూడండి. సత్యజిత్ రాయ్ మొదటి సినిమాని లోకంలో మొట్టమొదట చూపించింది ఆ మ్యూజియంలోనే, ఆ సందర్భంలోనే, 1955 మేలో. అలీ అక్బర్ ఖాన్ సరోద్ కచేరీ కూడా దానికే. మన దేశంలో చేనేత, చేతిపనుల కోసం పనిచేసిన పుపుల్ జయకర్ కి చార్లెస్ ఈమ్స్ తో పరిచయం అయ్యింది ఆ రోజుల్లోనే, ఆ పరిచయంతోనే 1958లో ఈమ్స్ దంపతుల్ని మన ప్రభుత్వం పిలిపించి రిపోర్ట్ రాయించుకుంది, మన చెంబు ఎంత గొప్ప డిజైనో చెప్పిన రిపోర్ట్ అదే, దాని మీదే 1961లో అహ్మదాబాద్ లో ఎన్ఐడీ అనే డిజైన్ కాలేజీ వచ్చింది. ఈ రోజు మన పిల్లలు ఎన్ఐడీ ఎంట్రన్స్ కని కోచింగుకి వెళ్తున్నారంటే ఆ తీగ లాగుతూ పోతే చివర్లో ఒక కొస ఆ చీరల కొలను దగ్గర తేలుతుంది. ఈ సంగతి నాకు ఎవరైనా ఇరవై ఏళ్ళప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

మిల్లర్ హౌస్ తర్వాత గిరార్డ్ కి పెద్ద పనులు వచ్చాయి. 1960లో న్యూయార్క్ టైమ్ లైఫ్ బిల్డింగులో లా ఫోండా డెల్ సోల్ అనే లాటిన్ అమెరికన్ హోటల్. పేరుకి అర్థం సూర్యుడి సత్రం. దానికి ఈయన సూర్యుడి బొమ్మలే పదుల కొద్దీ గీశాడు, ఒకటి నవ్వుతూ, ఒకటి కళ్ళు మూసుకుని, ఒకటి మీసాలతో, మెనూ మీద ఒకటి, అగ్గిపెట్టె మీద ఒకటి, గోడ పలకల మీద ఒకటి. పళ్ళేలు, వడ్డించేవాళ్ళ బట్టలు, గుండీలు, నేల, తలుపులు, అన్నీ ఆయనే. కుర్చీలు ఈమ్స్ చేసిచ్చాడు. గోడల్లో చిన్న చిన్న గూళ్ళు పెట్టి వాటిల్లో తను తెచ్చిన బొమ్మలు పెట్టాడు, అన్నం తింటూ తలతిప్పితే ఒక ఊరు కనపడేది.

తర్వాత 1965లో బ్రానిఫ్ విమానాలు. దీని గురించే ఎక్కువమందికి తెలుసు. టెక్సాస్ కంపెనీ, అప్పటిదాకా అన్ని కంపెనీల్లాగే వెండి రంగు విమానాలు. మేరీ వెల్స్ అనే ఆవిడ అడ్వర్టైజింగ్ లో చాలా గట్టి మనిషి, చప్పటి విమానాల కాలం అయిపోయింది అని ప్రచారం మొదలెట్టి ఎయిర్ హోస్టెస్ ల బట్టలకి ఎమిలియో పుచ్చీని, మిగతా అన్నిటికీ గిరార్డ్ ని తెచ్చింది. గిరార్డ్ ఏం చేశాడంటే విమానానికి మొత్తం ఒకటే రంగు వేశాడు, ఒకటి నారింజ, ఒకటి నిమ్మపండు పసుపు, ఒకటి మణి నీలం, ఇంకోటి ఇంకో రంగు. రన్‌వే మీద వరసగా నిలబడితే సంక్రాంతికి రంగు ముగ్గు పొట్లాలు విప్పి పెట్టినట్టు. లోపల సీట్లకి వేరే గుడ్డలు, దుప్పట్లు, టికెట్లు, పంచదార పొట్లాలు, పేకముక్కలు, లాంజిలో కుర్చీలు, అక్షరాల తీరు కూడా. మొత్తం 17,543 మార్పులని అప్పట్లో చెప్పుకున్నారు. ఒక మనిషి టికెట్ కొన్న దగ్గర్నించి దిగి సామాను తీసుకునేదాకా కంటికి ఏమేం తగులుతాయో అన్నీ కూర్చుని ఆలోచించాడన్నమాట. ఆ రిపబ్లిక్ ఆఫ్ ఫైఫ్ కి విమానాలొచ్చినట్టు.

నాకు మటుకు బ్రానిఫ్ కంటే జాన్ డీర్ పని ఎక్కువ నచ్చింది. అవును, ట్రాక్టర్ల జాన్ డీరే, ఆ ఆకుపచ్చా పసుపూ బండి మన పొలాల్లో చూడని ఊరు లేదు. ఇల్లినాయ్ లో మొలీన్ అనే ఊర్లో వాళ్ళ హెడ్డాఫీసు 1964లో కట్టారు, అది కూడా సారినెన్ గీసిందే. అక్కడ గిరార్డ్ 180 అడుగుల పొడుగు గోడ ఒకటి చేశాడు, పెయింటింగ్ కాదు, గోడంతా వస్తువులే, రెండువేలకి పైగా, 1837 నించి 1918 దాకా రైతుల ఇళ్ళల్లో పొలాల్లో వాడినవి. కొడవళ్ళు, గింజల కంపెనీ కాగితాలు, గుర్రపు జీను ముక్కలు, పాత ఫోటోలు, మేకులు, వాచీలు. పక్కపక్కన పేర్చి పెట్టాడు అంతే. మా తాతయ్య పాకలో నాగలి కర్రు, గంటల పట్టీ, ఎడ్ల మెడకి కట్టే దండ, అన్నీ తుప్పు పట్టి పడున్నాయి, ఇల్లు అమ్మేసినప్పుడు పాత ఇనప సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. ఆ గోడ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మా ఆయనకి ఇవన్నీ చెప్తూ ఉంటే ఒకరోజు అడిగాడు, మరి మా క్యూబికల్స్ కి ఏమైనా చేశాడా మీ గిరార్డ్ అని. చేశాడు! క్యూబికల్ కి మూలం హెర్మన్ మిల్లర్ వాళ్ళ యాక్షన్ ఆఫీస్ అనే ఏర్పాటే. ఆ చప్పటి అడ్డగోడలు చూసి 1972లో గిరార్డ్ వాటి మీద వేలాడదీసుకోడానికి బట్ట మీద అచ్చేసిన బొమ్మలు చేశాడు, నలభై దాకా, హృదయాలు, సూర్యుడు, చంద్రుడు, అమ్మ ఒళ్ళో పాప, పాము, పువ్వులు. ఎన్విరాన్‌మెంటల్ ఎన్‌రిచ్‌మెంట్ ప్యానెల్స్ అని నోరు తిరగని పేరు గానీ, విషయం చాలా చిన్నది, పొద్దున్నించీ సాయంత్రం దాకా గోడకేసి చూస్తూ కూర్చునే మనిషికి చూడ్డానికి ఒకటి ఉండాలి అని. మా ఆయన ఇప్పుడు తన టేబుల్ దగ్గర పిల్ల వేసిన బొమ్మ ఒకటి పెట్టుకున్నాడు.

బాధేంటంటే ఈయన చేసిన గదుల్లో చాలా వరకు ఇప్పుడు లేవు. సూర్యుళ్ళ హోటల్ మూతపడింది. న్యూయార్క్ లో 1961లో టెక్స్‌టైల్స్ అండ్ ఆబ్జెక్ట్స్ అని కొట్టు పెట్టారు, ఆయన గుడ్డలూ, దేశదేశాల చేతిపని బొమ్మలూ ఒకే చోట అమ్మేలా, అలాంటి కొట్లు ఇప్పుడు ప్రతి సిటీలో ఉన్నాయి, అప్పుడు మాత్రం కొన్నేళ్ళకే ఎత్తేశారు. బ్రానిఫ్ కంపెనీ 1982లో విమానాలు దింపేసింది. ఇంటి లోపల చేసే పనికి ఉన్న శాపం ఇది, భవనం నిలబడుతుంది, పైన పేరు ఉంటుంది, లోపల గుడ్డలు చిరిగిపోతే తీసి పారేస్తారు, కొత్త యజమాని వచ్చి బేజ్ రంగు వేస్తాడు. సారినెన్ పేరు అందరికీ తెలిసి గిరార్డ్ పేరు తెలీకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. అందుకే మా ఊర్లో ఆ ఇల్లు ఉన్నది ఉన్నట్టు మిగలడం నాకు ఇప్పుడు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఇంకోటి కూడా మిగిలింది. కిందటేడు ఎండాకాలం సెలవల్లో శాంటా ఫే వెళ్ళాం. గిరార్డ్ దంపతులు జీవితమంతా కూడబెట్టిన బొమ్మలు, చేతిపని వస్తువులు, 1978లో అక్కడి జానపద కళల మ్యూజియానికి ఇచ్చేశారు, ఎన్నో తెలుసా, లక్షా ఆరువేలు. దాదాపు వంద దేశాలవి. మ్యూజియం వాళ్ళ దగ్గర అప్పటిదాకా ఉన్నదంతా కలిపినా దీని ముందు చిన్నదే. వాటిని పెట్టడానికి కొత్తగా ఒక హాలే కట్టి, 1982లో తెరిచారు, అందులో పదివేల దాకా పైకి పెట్టారు, ఏది ఎక్కడ ఉండాలో గిరార్డే దగ్గరుండి పేర్చాడు, అప్పటికాయనకి డెబ్భై అయిదేళ్ళు.

ఆ హాల్లో అడుగుపెట్టగానే మా పిల్ల "అమ్మా, కొలువు!" అని అరిచింది. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. ఒక చోట ఊరు మొత్తం, చర్చి, బజారు, పెళ్ళి ఊరేగింపు, బ్యాండువాళ్ళు, కోళ్ళు. ఇంకో చోట స్వర్గం పైన, నరకం కింద. ఒక దేశం బొమ్మ పక్కన ఇంకో దేశం బొమ్మ, ఎవరూ ఎవరికీ పరాయి కాదన్నట్టు నిలబడి ఉంటాయి. మన దేశం బొమ్మలూ ఉన్నాయి. కొన్ని పెట్టెలు నేలకి దగ్గరగా, పిల్లల కంటి ఎత్తులో, కొన్ని తల పైకెత్తి చూడాలి. బొమ్మ పక్కన చీటీలుండవు, కావాలంటే నంబరు చూసుకుని పుస్తకంలో వెతుక్కోవాలి, ముందు చూడు, తర్వాత చదువు అన్నట్టు. ఆయనకి ఇష్టమైన ఇటాలియన్ సామెత ఒకటి ఉంది, "తుత్తో ఇల్ మోందో ఎ పయేజే", లోకమంతా మన ఊరే అని. రెండు గంటలనుకున్నది మూసేదాకా ఉన్నాం.

అక్కడ నిలబడి ఒకటి గమనించాను, మిల్లర్ హౌస్ లో కూడా అదే ఉంది గానీ అప్పుడు నాకు తట్టలేదు. రంగులు అంత గట్టిగా ఉన్నా కంటికి అలసట రాదు, ఎందుకంటే వెనక అంతా ఖాళీగా వదిలేస్తాడు. తెల్ల గోడ, లేకపోతే ఒకటే రంగు చదునుగా. ముందున్న దానికి మాత్రమే మాట్లాడే అవకాశం ఇస్తాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టేటప్పుడు కొలత కూడా చూసుకుంటాడు, పెద్ద బొమ్మ వెనకా చిన్నది ముందూ అని కాదు, చిన్న బొమ్మకి చిన్న ఊరు, దాని పక్కన మళ్ళీ ఖాళీ. ఇవాళ బోల్డ్ ఇంటీరియర్స్ అని రీల్స్ లో చూపించేవాటిలో గోడ గట్టిగానే, సోఫా గట్టిగానే, కర్టెన్ గట్టిగానే, అన్నీ ఒకేసారి అరుస్తుంటే చూసే మనిషికి కూర్చోబుద్ధి కాదు. అవి చూసి భయపడి మళ్ళీ అందరూ బూడిదరంగుకి పోతారు. హైదరాబాద్ లో మా తమ్ముడు కొత్త ఫ్లాట్ కి అలాగే చేయించుకున్నాడు, మొత్తం గ్రే. వాడికి మిల్లర్ హౌస్ ఫోటోలు పంపించాను, "అక్కా తెల్లగోడలే కదా, మా ఇంటికీ కుదురుతుంది" అన్నాడు. అదే కదా నేను చెప్పేది.

గిరార్డ్ 1993 డిసెంబర్ 31న శాంటా ఫేలోనే పోయాడు. కాగితాలూ గుడ్డ ముక్కలూ అన్నీ 1996లో జర్మనీలోని విట్రా డిజైన్ మ్యూజియానికి చేరాయి, 2016లో వాళ్ళు పెద్ద ప్రదర్శన పెట్టారు, అప్పట్నించే మళ్ళీ జనం ఈయన పేరు తల్చుకోడం ఎక్కువైంది.

ఈ దసరాకి మా ఇంట్లో కొలువు పెట్టాం. ప్రతి ఏడూ మెట్ల మీద తళతళలాడే గుడ్డ వేసేదాన్ని, ఈసారి మా ఆయన పంచె ఒకటి తీసి పరిచాను, తెల్లటిది, అంచు లోపలికి మడిచేశాను. వెనక బేజ్ గోడకి అమ్మ రాణి రంగు చీర వేలాడదీశాను, మేకు కొట్టకూడదు కదా, తలుపు చట్రానికి క్లిప్పులు పెట్టి. కొండపల్లి బొమ్మలు పెట్టె తీసి ఒక్కోటీ తుడిచాను, పొణికి చెక్క కదా, చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు, తాటిచెట్టు, కల్లు గీసేవాడు, అంబారీ ఏనుగు, వరి దంచే ఇద్దరు ఆడవాళ్ళు, ఎడ్లబండి. ఎప్పుడూ అన్నీ వరస కట్టి నిలబెట్టేదాన్ని, ఈసారి ఊరిలాగా పేర్చాను, మధ్యలో ఖాళీ వదిలాను, శాంటా ఫేలో కొన్న మట్టికోడిని కూడా దంచేవాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టాను. నారింజ రంగు అంచు సరిగ్గా తాటిచెట్టు వెనకాల పడింది, సాయంత్రం ఎండలాగా.

అమ్మకి వీడియో కాల్లో చూపించాను. ఫోన్ మెట్టు మెట్టుకీ మెల్లగా జరిపాను. అమ్మ దగ్గరగా పెట్టు, దగ్గరగా పెట్టు అని చూసి చూసి, "ఆ బండి గోడవైపు పెట్టావేంటే, ఊరివైపు తిప్పు" అంది. తిప్పాను.